తల తీయకూడదన్నారు: పార్కులో ఎలుగుబంటి వేషం కట్టిన నా అనుభవం

ఎలుగుబంటి తలకి బయట రెండు పెద్ద కళ్ళుంటాయి గానీ వాటిలోంచి ఏమీ కనిపించదు. అవి ప్లాస్టిక్ బిళ్ళలు. లోపలున్న మనిషి చూసేది ఎలుగుబంటి నోట్లోంచి. తెరిచిన నోటికి నల్ల జాలీ కుట్టి ఉంటుంది. అందులోంచి పెద్దవాళ్ళు ఛాతీ నుంచి కిందికే కనిపిస్తారు, మొహాలు కనబడవు. నాలుగైదేళ్ళ పిల్లలు మాత్రం నిండుగా కనిపిస్తారు. వాళ్ళు మన కళ్ళలోకి చూడరు. కాస్త పైకి, ఆ ప్లాస్టిక్ కళ్ళలోకి చూస్తుంటారు. ఆ చూపులో ఉన్న నమ్మకాన్ని అంత దగ్గరగా చూసినవాళ్ళకి ఈ పని మీద ప్రేమ పుట్టకుండా ఉండదు. నాకూ పుట్టింది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మాది విజయనగరం, దాసన్నపేట. నాన్న ఆటో నడుపుతారు. బీకాం అయ్యాక ఒక బట్టల కొట్లో ఏడాదిపాటు బిల్లింగ్‌లో కూర్చున్నాను. విశాఖ వెళ్ళే దారిలో ఉన్న ఒక పార్కులో మనుషులు కావాలని తెలిసి, సర్టిఫికెట్లు పట్టుకుని వెళ్ళాను. పార్కు పేరు రాయను. గేటు దగ్గర టికెట్లు చింపే పనో, హెల్ప్ డెస్కో వస్తుందనుకున్నాను. మాట్లాడడం అయ్యాక ఒక మేడమ్ గోడకి నిలబెట్టి ఎత్తు కొలిచారు. ఐదడుగుల ఒక అంగుళం. "చీకటి గదిలో ఉంటే నీకు భయమా?" అని అడిగారు. లేదన్నాను. స్టోర్ రూమ్‌లోకి తీసుకెళ్ళి, ఒక స్టూలు మీద కూర్చోబెట్టి, తలకి ఎలుగుబంటి తల తగిలించి, ఐదు నిమిషాలు ఆగమన్నారు.

ఆ ఐదు నిమిషాలు బాగా గుర్తున్నాయి. ముందు స్పాంజి వాసన వచ్చింది, ఆ వెనక పాత చెమట వాసన. తర్వాత నా ఊపిరి నాకే పెద్దగా వినబడడం మొదలైంది. మూడో నిమిషంలో మెడ నొప్పి తెలిసింది. ఐదో నిమిషానికి నా ఊపిరి ఒక లెక్కలో పడింది. తల తీశాక మేడమ్ నా మొహం వైపు చూడలేదు, చేతుల వైపు చూశారు. వణకడం లేదని చూసుకుని "సరే" అన్నారు.

తర్వాత మెడికల్. బీపీ, ఆస్తమా, మూర్ఛ, వెన్నునొప్పి అన్నీ అడిగారు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. 11 ఉంటేనే వేషం ఇస్తామన్నారు. ఆరు వారాలు ఐరన్ మాత్రలు, రోజూ పొద్దున్నే అమ్మ కాచిన చోడి (రాగి) అంబలి. మళ్ళీ పరీక్ష చేయిస్తే 11.2. ఆ కాగితం పట్టుకుని వెళ్ళాకే ఆఫర్ లెటర్ చేతిలో పెట్టారు. ఈ పనికి వెళ్ళాలనుకునే ఆడపిల్లలకి నేను చెప్పేది ఒకటే: ఈ పరీక్ష చేయించని చోట వేషం కట్టొద్దు. బరువు తొమ్మిది కిలోలు, గాలి ఆడదు, ఎండలో నిలబడాలి. రక్తం తక్కువున్న మనిషికి అది ప్రమాదం.

ట్రైనింగ్ ఎనిమిది రోజులు. మొదటిరోజంతా మాటలు మార్చుకోవడమే. కస్టమర్ అనకూడదు, గెస్ట్ అనాలి. యూనిఫాం అనకూడదు, కాస్ట్యూమ్ అనాలి. జనం తిరిగే చోటు ఆన్‌స్టేజ్, మేము అన్నం తినే చోటు బ్యాక్‌స్టేజ్. నాకు ముందు ఇదంతా ఎందుకో అర్థం కాలేదు. మాకు నేర్పిన సార్ ఈ మాటల వెనకున్న కథ చెప్పారు. 1955లో కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్ తెరిచారు. సినిమా మనుషులు కట్టిన పార్కు కాబట్టి అక్కడ పనిచేసేవాళ్ళని నటవర్గం అన్నారు, వాళ్ళు వేసుకునేదాన్ని వేషం అన్నారు. ఐస్‌క్రీమ్ అమ్మేవాడైనా, ఊడ్చేవాడైనా సరే. అక్కడ ఒక చిక్కొచ్చిందట. కౌబాయ్ బట్టల్లో ఉన్న మనిషి తన చోటికి వెళ్ళడానికి, రాకెట్లతో అలంకరించిన భవిష్యత్ లోకం మధ్యలోంచి నడిచి వెళ్ళడం వాల్ట్ డిస్నీ కంటబడింది. అందుకని 1971లో ఫ్లోరిడాలో కట్టిన మ్యాజిక్ కింగ్‌డమ్ కింద మనుషులు తిరగడానికి సొరంగ దారులు పెట్టారు. జనానికి కనిపించకుండా ఎవరి చోటుకి వాళ్ళు చేరుకుంటారు.

మా పార్కులో సొరంగం లేదు. ఫుడ్ కోర్టు వెనక రేకుల గోడ కట్టిన సన్నటి సందు ఉంది. దాని తలుపుకి లోపలివైపు నిలువుటద్దం, నేల మీద ఎర్రగీత. గీత దాటితే ఆన్‌స్టేజ్. దాటేముందు అద్దంలో చూసుకోవాలి. గాజులు, ఉంగరాలు, గోళ్ళరంగు ఉండకూడదు. జుట్టు వలలో దూర్చి పిన్నులు పెట్టాలి. పెళ్ళయినవాళ్ళు పుస్తెలతాడు లోపలికి తోసి పిన్ను పెట్టుకోవాలి, ముక్కుపుడక మీద టేపు అంటించాలి. ఫోన్ లాకర్లో. జర్దా, చూయింగ్ గమ్ నోట్లో ఉంటే ఆరోజు ఇంటికే. బాడ్జీ ఎడమవైపు, తిన్నగా.

మగవాళ్ళకి గడ్డం లేకుండా ఉండాలన్న రూలు దగ్గర మాత్రం గొడవైంది. రైడ్ నడిపే ఒక అన్నయ్య కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నాడు. నలభై ఒక్క రోజులు గడ్డం తీయడు, నల్లబట్టలు, కాళ్ళకి చెప్పుల్లేవు. కాళ్ళకి బూట్లు లేకుండా రైడ్ దగ్గర నిలబడడం భద్రతకి విరుద్ధం, అందులో నాకు సందేహం లేదు. కానీ గడ్డం? డిస్నీ వాళ్ళే 2000లో మీసానికి, 2012లో గడ్డానికి ఒప్పుకున్నారు. 2021లో కనిపించే పచ్చబొట్లకీ ఒప్పుకున్నారు. వాళ్ళని చూసి రాసుకున్న మా పార్కు రూల్స్ పుస్తకంలో మాత్రం పాత మాటే మిగిలిపోయింది. ఆ అన్నయ్యకి నలభై ఒక్క రోజులూ గోడౌన్‌లో పని ఇచ్చారు. జీతం తగ్గించలేదు. అది మంచిదే. కానీ తెచ్చిన రూలు ఎందుకోసం పుట్టిందో, పుట్టినచోట ఇప్పుడు ఏమైందో చూడకుండా పట్టుకు వేలాడడం సరికాదని నా ఉద్దేశం.

మర్యాద పాఠాలు నాకు తేలిగ్గా వచ్చాయి. దారి చూపించేటప్పుడు ఒక్క వేలు చాపకూడదు, అరచెయ్యి విప్పి చూపించాలి. వేలెత్తి చూపిస్తే తప్పని మా ఇళ్ళలోనూ చెబుతారు కదా. "తెలీదు" అనకూడదు, "కనుక్కుని చెప్తానండి" అనాలి. ఏడుస్తున్న పిల్లాడి దగ్గర నిలబడి మాట్లాడకూడదు, మోకాళ్ళ మీద వాడి ఎత్తుకి దిగాలి. గెస్ట్ తిట్టినా గొంతు పెంచకూడదు, కానీ చెయ్యి చేసుకుంటే ఒక్కడుగు వెనక్కేసి సెక్యూరిటీని పిలవాలి.

వేషం కట్టేవాళ్ళకి వేరే చిట్టా. మాట్లాడకూడదు, దగ్గు వచ్చినా తొక్కిపట్టాలి. వెనక్కి నడవకూడదు, ఎందుకంటే కాళ్ళ దగ్గర పిల్లలుంటారు, కనబడరు. పసిపిల్లల్ని ఎత్తుకోకూడదు. బిడ్డ తనంతట తాను వచ్చేదాకా మనం ముట్టుకోకూడదు. చేతులు చాపి ఆగాలి. రాకపోతే దూరం నుంచే చెయ్యూపి వెళ్ళిపోవాలి. ఫోటోలో మన రెండు చేతులూ కనబడాలి, అది గెస్ట్‌కీ రక్షణ, మనకీ రక్షణ. ఒకే పార్కులో ఒకే సమయానికి రెండు ఎలుగుబంట్లు కనబడకూడదు. అన్నిటికంటే పెద్దది, ఎర్రగీత దాటాక తల తీయకూడదు. ఏం జరిగినా సరే.

ఇరవై నిమిషాలు బయట, నలభై నిమిషాలు లోపల విశ్రాంతి. బయట ఉన్నంతసేపూ పక్కన ఒక తోడు ఉంటారు. మామూలు కాస్ట్యూమ్‌లో, నీళ్ళసీసా నడుముకి కట్టుకుని. మేము మాట్లాడలేం కాబట్టి మా తరఫున మాట్లాడేది వాళ్ళే. రెండు చేతులూ చెవుల మీద పెడితే తల లోపలుండే చిన్న ఫ్యాన్ ఆగిపోయిందని, కడుపు మీద పెడితే వెంటనే లోపలికి తీసుకెళ్ళమని అర్థం. అప్పుడు తోడు "పిల్లలూ, మన భల్లూకం గారికి తేనె తాగే టైమయింది, మళ్ళీ వస్తారు" అని చెప్పి మెల్లగా నడిపించుకు పోవాలి.

ఈ చిట్టా అంతా ఒక రాత్రి తాతకి చదివి వినిపించాను. మా తాత పులివేషం కట్టేవాడు. పైడితల్లమ్మ పండగకి, సిరిమాను తిరిగే మంగళవారం, కోట దగ్గర జనం ఇసకేస్తే రాలని రోజున. చింతమాను కొస మీద పూజారి గారు కూర్చుని గుడి నుంచి కోటకి ముమ్మారు తిరిగే ఆ సాయంత్రం లోపు, వీధుల్లో పులులు ఆడాలి. తెల్లవారుజామున మూడింటికి ఒంటికి పసుపు రంగు పూయించుకునేవాడట. అది ఆరేదాకా కూర్చోకూడదు, చేతులు ఒంటికి తగలకూడదు. దండెం కర్రకి చేతులు ఆన్చి నాలుగు గంటలు నిలబడేవాడు. ఆరాక చర్మం బిగుసుకుపోయేది. ఆ మీదట నల్ల చారలు. రాత్రికి కిరసనాయిలు పెట్టి తోమితే గానీ పోయేది కాదు.

అంతా విని తాత, "ఇందులో కొత్తేటుందే గుంటా? పులి మాటాడదు. పులి బీడీ తాగదు. పులి రోడ్డు మీద కూకోదు. మాకూ అంతే" అన్నాడు. కాసేపాగి, "తోక పట్టేవోడెవరు నీకు?" అని అడిగాడు.

అదేంటన్నాను. పులికి వెనక తోక పట్టుకుని ఒక మనిషి నడుస్తాడు. జనం అది ఆటలో భాగమనుకుంటారు. కానీ ఎదరున్న జనాన్ని పక్కకి జరిపేది, పులి ఎటు తిరగాలో తోక లాగి చెప్పేది, కళ్ళు తిరుగుతున్నాయని కనిపెట్టేది, పులికి చేతికి రాని మంచినీళ్ళు నోట్లో పోసేది వాడే. "తోక పట్టినోడు సరైనోడైతేనే పులి బతికి ఇంటికొస్తాది" అన్నాడు తాత. మా తోడు సంగతి చెప్పాను. "అయితే పర్లేదు, ఎల్లు" అన్నాడు.

మొదటి రెండు నెలలు బాగానే గడిచాయి. ఒక్క కష్టం లోపలి బట్టలది. బొచ్చు సూటు కింద వేసుకునే బనీను, లెగ్గింగు పార్కువే. పొద్దుటి షిఫ్ట్ వాళ్ళు విప్పినవి ఫ్యాను కింద ఆరేసి, మధ్యాహ్నం మాకు ఇచ్చేవారు. చేతికి తడి తగిలేది. నాకు మెడ మీద, మోకాళ్ళ వెనక దద్దుర్లు లేచాయి. డాక్టరు ఫంగస్ అన్నారు. సూపర్‌వైజర్‌కి చెబితే బడ్జెట్ లేదన్నారు.

నెట్‌లో వెతుకుతుంటే ఒక సంగతి దొరికింది. ఫ్లోరిడాలో డిస్నీ వరల్డ్ వేషధారులు కూడా ఇదే బాధ పడ్డారు. ఉమ్మడి లోదుస్తుల వల్ల చర్మరోగాలు వస్తున్నాయని వాళ్ళ యూనియన్ పట్టుబట్టి, 2001లో ఎవరి బట్టలు వాళ్ళకే ఇచ్చి ఇంటికి తీసుకెళ్ళి ఉతుక్కునే ఏర్పాటు సాధించుకుంది. అది చదివాక నాకు ధైర్యం వచ్చింది. అంత పెద్దచోట పనిచేసేవాళ్ళు నోరు తెరిచి అడిగాకే దక్కిందంటే, మనం అడగడంలో తప్పేముంది? వేషం కట్టే ముగ్గురం కలిసి ఒక కాగితం రాశాం. డాక్టరు చీటీ జత చేశాం. మూడు వారాలకి తలా రెండు జతలు వచ్చాయి. తలలని రాత్రిపూట తలకిందులుగా పెట్టి లోపలికి ఫ్యాను తిప్పాలని కూడా నిర్ణయం చేశారు. అడిగిన తీరు బాగుంటే చాలాసార్లు పని జరుగుతుందని అప్పుడు తెలిసింది.

అసలు కష్టం వేసవి సెలవుల్లో వచ్చింది.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. అలాంటి ఒక ఆదివారం. గేటు దగ్గర క్యూ రోడ్డు దాకా పోయింది. నా తోడుని టికెట్ కౌంటర్‌కి లాగేశారు. "ఒక్క రౌండే కదమ్మా, చెరువు దాకా వెళ్ళి వచ్చెయ్" అన్నారు షిఫ్ట్ చూసే సార్. నేను వద్దని ఉండాల్సింది. కొత్తదాన్ని, ఇంకా ప్రొబేషన్, కాదంటే ఏమనుకుంటారోనని తల తగిలించుకున్నాను.

పది నిమిషాలకి ఫ్యాన్ ఆగిపోయింది. చెవుల మీద చేతులు పెట్టాను. చూసే తోడు లేదు కదా. పిల్లలు అదొక ఆట అనుకుని వాళ్ళూ చెవుల మీద చేతులు పెట్టుకున్నారు. లోపలికి తిరిగాను. అప్పుడు ఐదారుగురు కుర్రాళ్ళు చుట్టుముట్టారు. జాలీలోంచి జీన్సు ప్యాంట్లు, చేతుల్లో ఫోన్లు కనబడుతున్నాయి. ఒకడు వెనక నుంచి గట్టిగా వాటేసుకున్నాడు. లోపల మగాడనుకుని చేస్తున్నాడేమో అనుకున్నాను. అంతలో ఒకడు, "ఒరే, లోపల అమ్మాయిరా" అన్నాడు. ఆ తర్వాత పడిన చేతులు తెలియక పడినవి కావు.

నోరు తెరవకూడదని ఎనిమిది రోజులు నేర్పారు. ఆ క్షణంలో అదే గుర్తుంది. అరవలేదు. చేతులు విదిలించుకుని ఐస్‌క్రీమ్ బండి వైపు పరిగెత్తాను. కళ్ళ ముందు నల్లచుక్కలు లేచాయి. బండి చక్రం పట్టుకుని కిందకి జారి, తల తీసేశాను.

గాలి తగిలింది. ఎదురుగా గులాబీ గౌను వేసుకున్న పాప, నాలుగేళ్ళుంటాయి, చేతిలో కోన్ కరిగిపోతోంది. నన్ను చూసింది, పక్కన నేల మీద పడున్న తలని చూసింది, గట్టిగా ఏడ్చింది. బండి దగ్గరున్న పిన్నిగారు నా మొహం మీద నీళ్ళు చల్లారు. ఆవిడే కుర్రాళ్ళని తిట్టి తరిమారని తర్వాత తెలిసింది. ఆ పాప ఏడుపు ఇప్పటికీ నాకు చెవిలో ఉంది. ఆ రూలు ఎందుకుందో పుస్తకం చెప్పినదానికంటే ఆ ఏడుపు బాగా చెప్పింది.

రెండు రోజులకి మెమో చేతికొచ్చింది. గెస్టుల ఎదుట కాస్ట్యూమ్ తల తొలగించడం, సంస్థ ప్రతిష్ఠకి భంగం కలిగించడం. 48 గంటల్లో సంజాయిషీ ఇవ్వాలి. ఎవరో తీసిన వీడియో వాట్సాప్‌లో తిరుగుతోందట. అందులో నేను తల తీయడం ఒక్కటే ఉంది, అంతకుముందు జరిగింది లేదు.

ఇంట్లో అమ్మ "మానేసి వచ్చెయ్" అంది. నాన్న ఏమీ అనలేదు, ఆ రాత్రి అన్నం తినలేదు. తాత ఒక్కడే అడిగాడు, "ఆ పొద్దు తోక పట్టినోడు ఏడీ?"

ఆ ఒక్క ప్రశ్నతో నా సంజాయిషీకి మొదటి వాక్యం దొరికింది.

మాకు పిన్ని వరసయ్యే ఆవిడ కోర్టులో వకీలు. ఆవిడ దగ్గర కూర్చుని రాశాను. ఆవిడ ముందు చెప్పింది, "క్షమించండి అని మొదలుపెట్టకు. జరిగింది జరిగినట్టు టైముతో సహా రాయి." అలాగే రాశాను. ఎన్నింటికి బయటికి వెళ్ళాను, తోడుని ఎవరు ఎక్కడికి పంపారు, ఫ్యాన్ ఎప్పుడు ఆగింది. తర్వాత మా రూల్స్ పుస్తకం మొదటి పేజీ తీశాను. అక్కడ వరసగా ఉంది: భద్రత, మర్యాద, ప్రదర్శన, వేగం. డిస్నీ వాళ్ళ నాలుగు సూత్రాలూ అదే వరసలో ఉంటాయి, తర్వాత అందరినీ కలుపుకుపోవడం అనే ఐదోదాన్నీ చేర్చారు. రెండు సూత్రాలు ఒకదానికొకటి అడ్డం వస్తే ముందున్నదే గెలవాలన్నది ఆ వరసకి అర్థమని ట్రైనింగ్‌లో మాకే చెప్పారు. తల తీయకూడదన్నది ప్రదర్శన, మూడోది. ఊపిరి తీసుకోవడం భద్రత, మొదటిది. ఆ రెండు లైన్లూ అలాగే రాశాను.

రెండో కాగితం వేరే రాయమంది పిన్ని. పని చేసే చోట ఆడవాళ్ళ మీద లైంగిక వేధింపుల చట్టం 2013లో వచ్చింది. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి, దానికి ఒక మహిళ అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్ళుండాలి, బయటి నుంచి ఒకరుండాలి. జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, తొంభై రోజుల్లో విచారణ ముగించాలి. ఇది ఆఫీసులో పైఅధికారి మీదే వర్తిస్తుందని నేననుకునేదాన్ని. కాదు. పని చేసే చోటికి వచ్చిపోయేవాళ్ళ నుంచి కూడా రక్షణ కల్పించడం యజమాని బాధ్యత అని 19వ సెక్షన్ చెబుతోంది. అంటే టికెట్ కొనుక్కున్న గెస్టూ అందులోకి వస్తాడు. గెస్ట్‌ని నొప్పించకూడదన్న మర్యాద వేరు, గెస్ట్ ఏం చేసినా భరించాలనడం వేరు. వేషం లోపల ఒళ్ళు కనబడదు గానీ ఒళ్ళు అక్కడే ఉంటుంది.

విచారణ రోజున నలుగురు కూర్చున్నారు. నాకు కాళ్ళు వణికాయి. ఐస్‌క్రీమ్ పిన్నిగారు తన సెలవు రోజున వచ్చి సాక్ష్యం చెప్పారు. కమిటీకి బయటి సభ్యురాలిగా వచ్చిన ఆవిడ ఒకే ప్రశ్న వేశారు: "ఆ పిల్ల ఆ సమయంలో ఏ సైగ చేస్తే ఎవరు చూసేవారు?" షిఫ్ట్ సార్ సమాధానం చెప్పలేదు. కాసేపటికి "తప్పు నాదేనండి, నేనే లాగేశాను" అన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆ మాట అనడానికి ఆయనకీ ధైర్యం కావాల్సి వచ్చింది.

మెమో వెనక్కి తీసుకున్నారు. ఆ కుర్రాళ్ళు మాత్రం దొరకలేదు. కెమెరాలో వీపులే కనబడ్డాయి, టికెట్లు నగదుతో కొన్నారు. పోలీసు ఫిర్యాదుకి సాయం చేస్తామని కమిటీ అంది. అమ్మ వద్దని ఏడ్చింది. నేను ఆగిపోయాను. ఆగకుండా ఉండాల్సిందేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

కాస్ట్యూమ్ రూమ్ గోడ మీద కొత్త కాగితం అంటించారు. తోడు లేనిదే తల తగిలించకూడదు. తోడుని వేరే పనికి పంపే అధికారం ఎవరికీ లేదు. చెయ్యి వేసిన గెస్ట్‌ని తోడు ఒకసారి హెచ్చరించాలి, రెండోసారికి సెక్యూరిటీ బయటికి పంపాలి. ప్రాణం మీదకి వస్తే తల తీయవచ్చు, తోడు తన వీపుతో పిల్లలకి అడ్డంగా నిలబడి దుప్పటి కప్పాలి. ఆ దుప్పటి ఆలోచన ఐస్‌క్రీమ్ పిన్నిగారిది. ఇప్పుడు ప్రతి తోడు సంచిలో ఒకటి ఉంటుంది.

పార్కులకి పిల్లల్ని తీసుకెళ్ళే అమ్మానాన్నలకి ఒక మాట. వేషం దగ్గరికి పిల్లల్ని బలవంతంగా తోయకండి, వాళ్ళంతట వాళ్ళని రానివ్వండి. తల లాగితే చూడాలని ముచ్చటపడే పెద్దపిల్లల్ని మీరే ఆపండి. పక్కనున్న తోడు "ఇక చాలండి" అంటే ఫోటో మిగిలిపోయినా వదిలెయ్యండి. ఆ మాట వెనక లోపల ఎవరికో ఊపిరి ఆడడం లేదేమో.

తిరిగి వేషం కట్టడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆరోజు సిబ్బంది కుటుంబానికి ఇచ్చే పాసు మీద తాతని తీసుకెళ్ళాను. ఉతికిన పంచె కట్టుకుని, భుజం మీద తువ్వాలు వేసుకుని వచ్చాడు. రైడ్లు ఎక్కనన్నాడు. నా కొత్త తోడు ఇరవై ఏళ్ళ తమ్ముడు, బొండపల్లి వైపు నుంచి వస్తాడు. వాడి పక్కనే తాత నడవడం మొదలుపెట్టాడు. జాలీలోంచి నాకు తెల్ల పంచె అంచు, తాత పాదాలు, తమ్ముడి బూట్లు కనబడుతున్నాయి.

తమ్ముడు జనం వైపు చూస్తూ నడుస్తున్నాడు కాబోలు, తాత గొంతు వినబడింది. "జనం కేసి సగం చూడు బాబూ, సగం దాని కాళ్ళ కేసి చూడు. లోపలున్న మనిషి అలిసిపోతే ముందు తెలిసేది కాళ్ళ కాడే. అడుగు ఈడుస్తాది. అప్పుడు అది సైగ చేసినా, చెయ్యకపోయినా లోపలికి తోలుకుపో."

పద్దెనిమిదో నిమిషంలో నేను సైగ చేయలేదు. ఇంకో ఇద్దరు పిల్లలు వరసలో ఉన్నారు, వాళ్ళయ్యాక వెళ్దామనుకున్నాను. తమ్ముడి చెయ్యి నా మోచేతి కింద పడింది. "పిల్లలూ, భల్లూకం గారికి తేనె తాగే టైమయింది" అన్నాడు.